పదుగురి పని: ఏర్పాటు, పరీక్ష



ఈ పూట నేను ముచ్చటింపబూనిన విషయము పదుగురు కలిసి చేయు పనిని గూర్చినది. ఒక్కడు చేసికొను పనికి వాని ఓపిక, వాని తెలివి చాలును. పదుగురు చేరినంతనే రెండు ప్రశ్నలు పుట్టును. ఆ పనిని ఎట్లు ఏర్పాటు చేయవలెను? చేసిన పిమ్మట అది సరిగా సాగుచున్నదో లేదో ఎట్లు తెలిసికొనవలెను? మొదటి ప్రశ్నను మనవారు ఎంతోకొంత ఆలోచింతురు. రెండవదానిని ఆలోచించువారు అరుదు. నేనును ఒకప్పుడు ఆలోచింపలేదు. దాని ఫలమును నేను గాక ఇతరులు అనుభవించిరి.

నేను ఇంజనీరును గాను. విజయనగరమున మహారాజావారి సంస్కృత కళాశాలలో వ్యాకరణము చదివి, ముప్పదియేండ్లకు పైగా పల్లెల పాఠశాలలలో తెలుగు చెప్పి విశ్రాంతి పొందినవాడను. మా ఊరి చెరువుక్రింద నాకు ఎకరమున్నర మడి కలదు. అక్షరములు గుండ్రముగా వ్రాయుదునను పేరు కలదు. ఈ రెండింటి మూలమున ఒకప్పుడు చెరువు సంఘము పుస్తకములు నా చేతికి వచ్చినవి. ఆ కథకు తరువాత వత్తును.

మన ధర్మశాస్త్రకారులు వ్యవహారములను పదునెనిమిదిగా విభజించిరి. వానిలో ఒకదానికి సంభూయ సముత్థానమని పేరు. అనగా కూడి పూనుకొనుట. వర్తకులు కలిసి వ్యాపారము చేసినను, ఋత్విక్కులు కలిసి యజ్ఞము నడపినను, ఎవరికెంత భాగము, నడుమ విడిచిపోయినవానికి ఏమి దక్కును, ఒకని అజాగ్రత్తవలన కలిగిన నష్టము ఎవరిది అను విచారణ అందుండును. కలిసి చేసికొన్న కట్టుబాటును మీరుట సంవిద్వ్యతిక్రమమని వేరొక ప్రకరణము. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరిని పదుమూడవ శతాబ్దమున కేతన తెనిగించెను గాన, సంస్కృతము రానివారికిని ఈ సంగతులు చాలకాలముక్రిందటనే తెలుగున అందినవి. కౌటిల్యుని అర్థశాస్త్రమున చెరువుకట్టను గూర్చియే ఒక నియమము కలదు. పదుగురు కలిసి కట్ట వేయునప్పుడు తప్పించుకొని పోయినవాడు తన కూలివాండ్రను, ఎడ్లను పంపవలెను. ఖర్చులో పాలు పెట్టుకొనవలెను. ఫలములో మాత్రము వానికి పాలు లేదు. ఎంత చక్కని ఏర్పాటు! అయినను నా చదువునకు అందినమేర, ఈ గ్రంథములన్నియు పంపకమును, దండనమును చెప్పినంత వివరముగా, సాగుచున్న పనిని నడుమ నిలిచి పరీక్షించు విధమును చెప్పవు. ఆ విద్యను మనము పొలముగట్టున నేర్చుకొనవలసినదే.

మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల చెరువు ఎట్టిదో మీకు నేను చెప్పనక్కరలేదు. కొండనుండి గెడ్డ దిగును. గెడ్డ చెరువును నింపును. నిండిన చెరువు అలుగుపారి క్రింది ఊరి చెరువును నింపును. గట్టు, మదుము, అలుగు, కాలువ అను ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి చెడినను తక్కిన మూడును వ్యర్థములు. కాలువ మొదట నున్న మడికి నీరు అడుగకయే వచ్చును. శివారున నున్న మడికి, పైనున్నవారందరును తమకు చాలునని మడవ మూసినప్పుడే వచ్చును. కావున చెరువుక్రింది సేద్యము స్వభావముచేతనే పదుగురి పని. ఎగువవానికి దిగువవానితో అవసరము లేదు. దిగువవానికి ఎగువవానితోనే సమస్తావసరము. సమముగా లేనివారిని కలిపి పని చేయించుటయే ఇందలి చిక్కు.

1802 లో శాశ్వత శిస్తు ఏర్పాటు వచ్చిన పిమ్మట ఈ ప్రాంతమున అధికభాగము జమీందారీల క్రిందనుండెను. గట్టు మరమ్మతు వంటి పెద్దపని జమీందారు పూచీగను, కాలువ పూడిక తీయుట, తుప్పలు కొట్టుట ఊరివారి పూచీగను సాగెడివి. ఊరివారి ఈ ఉమ్మడి చాకిరిని తప్పనిసరి చేయుటకు చెన్నపురి రాజధానికి 1858 లో చట్టము సైతము వచ్చినది. చట్టము పుస్తకమున నిలిచినంతగా చెరువుగట్టున నిలువలేదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టముతో జమీందారీలు పోయి, చెరువులు ప్రభుత్వపరమైనవి. అప్పటినుండి "చెరువు సర్కారుది" అను మాట ఊరివారి నోట అలవడినది. మనది అనుటకును, సర్కారుది అనుటకును నడుమ ఎన్ని కాలువలు పూడిపోయినవో లెక్కలేదు.

1997 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సాగునీటి యాజమాన్యమును రైతులకు అప్పగించు చట్టమును చేసెను. ఆ యేడే జూన్ నెలలో రాష్ట్రమున పదివేలకు మించిన నీటి సంఘములకు ఎన్నికలు జరిగినవి. వంశధార, నాగావళి కాలువల వంటి పెద్దవాని క్రింద సంఘములపైన డిస్ట్రిబ్యూటరీ కమిటీలు, వానిపైన ప్రాజెక్టు కమిటీ యుండవలెనని ఏర్పాటు. చిన్న చెరువునకు ఒక్క సంఘమే. ఆయకట్టును ముక్కలుగా విభజించి, ముక్కకొక సభ్యుని ఎన్నుకొనవలెను. ఈ విభజన చేసినవారు బుద్ధిమంతులు. శివారు ముక్కకు ఒక కుర్చీ చట్టముననే వేసియుంచిరి. నడుమ పలుమారు ఎన్నికలు ఆగినవి, నియమములు మారినవి. 2024 డిసెంబరులో మరల ఎన్నికలు జరిగినవి. నేను చెప్పబోవునది మొదటి సంఘపు కాలమునాటి మాట.

మా చెరువు ఆయకట్టు 140 ఎకరములు. మదుములు రెండు. పెద్దమదుము కాలువ మైలు పొడవున పోయి, శివారు పేటకు చేరువగా ముగియును. ఆ చివరి ఇరువది ఎకరములు ఎకరము, అరయెకరముగా చిన్నచిన్న రైతులవి. సంఘము ఏర్పడినప్పుడు ఊరంతయు సంబరపడెను. పుస్తకములు వ్రాయుటకు పంతులే తగునని నాకు ఒప్పగించిరి. నేనును పొంగిపోతిని. తీర్మానముల పుస్తకమున ప్రతి పుటకు మార్జిను గీసి, నల్లసిరాతో తీర్మానము, ఎఱ్ఱసిరాతో తేది వ్రాసెడివాడను. ఒక పర్యాయము తనిఖీకి వచ్చిన అధికారి ఆ పుస్తకమును త్రిప్పి చూచి, ఇటువంటి సంఘము ఈ చుట్టుప్రక్కల లేదని అందరియెదుట మెచ్చుకొనెను. ఆయన చూచినది పుస్తకమును. నేనును దానినే చూచుచుంటిని.

మూడవ యేట వానలు వెనుకబట్టినవి. చెరువు సగమే నిండినది. కార్తికమాసపు సమావేశమున నేను వ్రాసిన వాక్యము నాకు ఇప్పటికిని కంఠస్థము: "ఆయకట్టు యావత్తునకును నీరు సక్రమముగా అందినది. ఎవరికిని ఆక్షేపణ లేదు." ఆక్షేపణ లేదనుట నిజమే. ఆక్షేపించువారు ఆ సభలో లేరు.

పది దినములు గడచిన పిమ్మట, నేను బడి ముగించి అరుగుమీద కూర్చుండియుండగా, శివారు పేటనుండి ఒక ముసలి రైతు స్త్రీ వచ్చి వీధిలో నిలిచెను. పైకి రమ్మన్నను రాలేదు. చేత పిడికెడు వరిదుబ్బులు. పొట్టదశలోనే ఎండి తెల్లవారినవి.

"పంతులుగోరూ, మీ పుస్తకంలో నీల్లున్నాయంట గానీ మా మడిలో నేవండి" అనెను.

ఆ మాటలో కోపము లేదు. అందుచేతనే నేను జవాబు చెప్పలేకపోతిని. "పద అమ్మా, చూతము" అని లేచి ఆమె వెంట నడిచితిని. మూడేండ్లు సంఘము పుస్తకములు వ్రాసినవాడను, పెద్దకాలువ వెంట చివరివరకు నడుచుట నాకు అదియే మొదటిసారి. మొదటి రెండు ఫర్లాంగులు నీరు నిండుగా నుండెను. అటుపిమ్మట గట్టునకు మూడుచోట్ల గండ్లు. ఎవరో అవసరమునకు కొట్టి పూడ్చక విడిచినవి. తరువాత మోకాలిలోతు పూడిక, తుంగ. చివరి మూడు ఫర్లాంగులలో కాలువ అడుగున చీమలు పుట్టలు పెట్టుకొనియున్నవి. నీరు ఆ యేడు అక్కడికి ఒక్కనాడును రాలేదని చెప్పుటకు ఏ అధికారియు అక్కరలేదు. ఆ పంట పోవుటతో ఆమె కొడుకు, కోడలు చెన్నపట్టణమునకు ఇండ్లుకట్టు కూలికి వలసపోయిరి. మన మండలములలో ఇది వింతకాదని మీరందురు. ఆ వలసకు నా వాక్యమునకు గల సంబంధము మాత్రము నాకు ఆ రాత్రి నిదురపట్టనీయలేదు.

పేటవారు సభకు ఏల రాలేదని విచారించితిని. కారణములు వినగా నవ్వును, సిగ్గును కలిసి వచ్చినవి. సభ జరుగునది కోవెల మండపమున. ఆ మండపము ఎక్కుట ఆ పేటవారికి తాతలనాటినుండి అలవాటు లేదు. నేడు ఎక్కవద్దని ఎవరును అనరు. రండని పిలిచినవారును లేరు. సభ వేళ ఉదయము తొమ్మిది గంటలు. అప్పటికి వారు కూలికి పోయియుందురు. చాటింపు పెద్దవీధిలో వేయుచుండిరి. పేటవరకు డప్పు పోలేదు. శివారు ముక్కకు ఎన్నికైన సభ్యుడెవరన్నచో, ఎగువ పొలములు గల రైతే. శివారున రెండెకరములు కొనియుండుటచే ఆ కుర్చీలో ఆయన కూర్చుండెను. చట్టము కుర్చీని వేసినది. అందు ఎవరు కూర్చుందురో చూచుట మన పని. నేను మాత్రము ప్రతి సమావేశమునకును "అందరికిని తెలియజేయడమైనది" అని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని.

ఇక్కడ మన రాష్ట్రపు సంగతియే ఒకటి చెప్పవలెను. రాబర్టు వేడ్ అను పండితుడు కర్నూలు మండలమున కాలువక్రింది గ్రామములు పెక్కింటిని తిరిగి చూచి, 1988 లో ఒక గ్రంథమును ప్రకటించెను. ఆయన కనుగొన్నది ఇది. కాలువ మొదటనున్న గ్రామములలో ఉమ్మడి ఏర్పాట్లు తక్కువ. కాలువ చివరనున్న గ్రామములలో, నీరు దొరకుట కష్టమైనచోట, ఊరివారే కలిసి నీరు కట్టువాండ్రను కుదుర్చుకొనిరి. పంట కాపునకు కావలివాండ్రను పెట్టుకొనిరి. ఊరుమ్మడి నిధిని నడపిరి. కోసిన చేలలో మందలు మేపుకొను హక్కును పాటపెట్టి, ఆ సొమ్మును ఆ నిధిలో వేసెడివారు. ఏ ప్రభుత్వము చెప్పియు గాదు, తమకు తామే. నీరు కట్టువాడు ఏ ఒక్క రైతునకును కూలివాడు కాడు, ఊరందరికిని కూలివాడు. అవసరము లేనిచోట సంఘమును పైనుండి దించినచో అది పుస్తకమున నుండును. అవసరమున్నచోట పుస్తకము లేకయు సంఘముండును. మా ఊరిలో అవసరము శివారున నుండెను, సంఘము మండపమున నుండెను.

ఎలినార్ ఆస్ట్రమ్ అను విదుషీమణి లోకమున పలుచోట్ల ఉమ్మడి నీళ్లు, ఉమ్మడి అడవులు, ఉమ్మడి పచ్చికబయళ్లు తరతరములుగా నిలిచిన తీరును పరిశీలించి 1990 లో గ్రంథము వ్రాసెను. అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము పొందిన తొలి స్త్రీ ఆమెయే. ఆ సంవత్సరము 2009. ఆమె చెప్పినవానిలో మన పెద్దలు వెంటనే తల యూపదగినవి కొన్ని కలవు. నియమమునకు లోబడువారికి నియమము చేయుటలో చేయి యుండవలెను. కాపలావాడు పైవానికి గాక వాడుకొనువారికి జవాబుదారి కావలెను. దండనము చిన్నదిగా మొదలై, తప్పు మరల చేసినకొలది పెరుగవలెను. తగవు తీర్చుచోటు దగ్గరనుండవలెను, ఖర్చు తక్కువగా నుండవలెను.

ఈ దండనపు మాటపై కొంత నిలువవలెను. మా సంఘమున గండి కొట్టినవానికి అయిదువందల రూపాయల జరిమానా అని తీర్మానము నేనే వ్రాసితిని. మూడేండ్లలో ఒక్క రూపాయియు వసూలు కాలేదు. అంత పెద్ద మొత్తమును పొరుగువానిని, వియ్యంకుని, కష్టసుఖములకు నిలుచువానిని ఎవరు అడుగుదురు? పెద్ద దండనము వేయుటకు చేతులాడవు. చేతులాడనిచోట దండనమే లేనట్లు.

స్పెయిన్ దేశమున వలెన్సియా అను పట్టణము కలదు. దాని చుట్టు పొలములకు నీరిచ్చు కాలువల రైతులు తమ న్యాయాధిపతులను తామే ఎన్నుకొందురు. ప్రతి గురువారము మధ్యాహ్నము, పెద్ద దేవాలయపు వాకిట, వారు కుర్చీలు వేసికొని కూర్చుండి నీటి తగవులు విందురు. విచారణ అంతయు నోటిమాటగానే జరుగును. తప్పుచేసినవాడు ఏ కాలువ రైతో ఆ కాలువ ప్రతినిధి ఆ తీర్పులో పాల్గొనడు. వందల సంవత్సరములనుండి సాగుచున్న ఈ సభను ఐక్యరాజ్యసమితి విద్యా సంస్కృతి సంఘము 2009 లో లోకపు సాంస్కృతిక సంపదలలో చేర్చినది. మన రచ్చబండ దీనికి దూరపు చుట్టమే. అయితే తన వాడకట్టు తగవున తానే తీర్పరి కారాదను ఆ ఒక్క కట్టుబాటు మన రచ్చబండకు ఎన్నడు వచ్చునో!

మరల మా ఊరికి వత్తము. జరిగినది చెప్పి, పుస్తకము అప్పగించి తొలగుదునంటిని. అధ్యక్షుడు మంచివాడు. "తొలగుట కాదు మాస్టారూ, సరిదిద్దుడు" అనెను. రెండేండ్లు పట్టినది. సభను మండపమునుండి కాలువ నడుమనున్న చింతచెట్టు క్రిందికి మార్చితిమి. అది ఎవరి అరుగును గాదు. వేళను దీపాలు పెట్టిన పిమ్మటకు మార్చితిమి. శివారునుండి ముగ్గురు రైతులు రానిదే సభ సభ కాదని కట్టుబాటు చేసితిమి. జరిమానా తీర్మానమును కొట్టివేసి, మొదటి తప్పునకు చెట్టుక్రింద పదిమందిలో మాట, రెండవ తప్పునకు ఒక వంతు నీటి నష్టము, మూడవసారికి కుంచెడు ధాన్యము అని పెట్టితిమి. మొదటి మాటతోనే చాలమంది ఆగిరి. కుంచెడు ధాన్యము రెండుమార్లే తీసికొనవలసి వచ్చినది. అందు ఒకమారు ఇచ్చినది మా బావమరది. ఇంటిలో నాకు నెలదినములు మజ్జిగ పలుచన.

నీరు కట్టువాని కూలి విషయమై చేసిన ఏర్పాటు మాత్రము ఒకసారి బెడిసినది. ఎకరమునకింతయని పంటమీద ధాన్యమిచ్చుట పాతదే. దానికి ఒక షరతు చేర్చితిమి. నీరు అందినదని శివారు రైతు చెప్పిన పిమ్మటనే ఎగువవారు కూలి కొలువవలెను. నీరు కట్టువాని కాళ్లు తమంతట శివారు దిక్కునకు మరలినవి. రెండవ యేట శివారు రైతొకడు పాత పగచే, నీరు అందినను అందలేదనెను. పాపము, వాని కష్టము కల్లములోనే నిలిచిపోయినది. అప్పుడు ముగ్గురిలో ఇద్దరు చెప్పిన చాలునని దిద్దితిమి. ఏ కట్టుబాటును మొదటిసారే సరిగా కుదురదు. దిద్దుటకు ఒక దినమును ముందే నిర్ణయించి యుంచుకొనుట మేలు. మేము కల్లములు ముగిసిన పిమ్మట ఫాల్గుణమున ఒక సభను దానికే కేటాయించితిమి.

ఇక పరీక్ష మాట. మన సముద్రతీరమున, బారువ మొదలు కళింగపట్నమువరకు, అలివి వల లాగుట మీలో పలువురు చూచియుందురు. పదుల కొలది మనుష్యులు రెండు త్రాళ్లను పట్టి గంటలకొలది లాగుదురు. వల గట్టెక్కినంతనే చేప అంతయు అందరి కన్నులయెదుట ఇసుకమీద పడును. వల యజమాని పాలెంత, లాగినవారి పాలెంత అనుట ముందే తెలిసినది. త్రాడు చివర పట్టినవాడును ఆ కుప్పను చూచును. పాళ్లు న్యాయమైనవా అనునది వేరుమాట. దాచుట కుదురదనుట నా మాట. చెరువునీరు అట్లు కాదు. అది రాత్రి పారును, కాలువ అడుగున పారును. ఎవని మడిలో ఎంత పడినదో ఆ రైతునకు తప్ప ఇతరునకు తెలియదు. కంటికి కానరాని ఫలమును పంచుకొను సంఘమునకు చాటుమాటు తగవులు తప్పవు.

ఈ సంగతి నాకు మా ఇంటిలోనే మరింత తేటపడినది. మన మండలములలో స్త్రీల పొదుపు సంఘములు ముందునుండి కొన్ని యుండగా, 2000 లో మొదలైన వెలుగు పథకముతో ఊరూర బలపడినవి. పది పదునైదుగురు స్త్రీలు ఒక సంఘము. ఊరి సంఘములన్నియు కలిసి గ్రామసమాఖ్య. దానిపైన మండల, జిల్లా సమాఖ్యలు. తప్పక కూడుట, తప్పక పొదుపు చేయుట, తమలో తాము అప్పులిచ్చుకొనుట, వాయిదా తప్పక చెల్లించుట, పుస్తకములు సరిగా నుంచుట అను అయిదింటిని వారు పంచసూత్రములందురు. నా భార్య ఒక సంఘమున సభ్యురాలు. వారు చాపమీద గుండ్రముగా కూర్చుందురు. డబ్బు నడుమ పోసి, పైకి చదువుచు లెక్కింతురు. చదువురానివారు నోట్ల రంగునుబట్టి, మొత్తమును నోటికి వల్లించి గుర్తుంచుకొందురు. పుస్తకము వ్రాయు పిల్ల ఒక్క అంకె తప్పు చదివినచో నలుగురు ఒక్కసారి "ఆగు" అందురు. పరీక్ష అనునది పనికి వెలుపలనుండి ఆరునెలలకొకమారు వచ్చునది కాదు, పనిలోనే కలిసియున్నది. నా గుండ్రని అక్షరములకంటె ఆ చాప గొప్పది.

అక్కడను ఒక చిక్కు కలదు, చెప్పకపోవుట న్యాయము కాదు. ఈ సంఘములకు గుణములు వేయుదురు. గుణములు మంచివైనచో బ్యాంకు అప్పు త్వరగా వచ్చును. గుణమునకు ఫలము ముడిపడినప్పుడు, పని సాగకున్నను గుణము సాగించు నేర్పు పుట్టును. కూడని వారమునకు కూడినట్లు సంతకములు, ఒకే రాత్రి ఆరునెలల పుస్తకము. పాఠశాలలో ముప్పదియేండ్లు ఉన్నవానికి ఇది కొత్త కాదు. హాజరు పట్టీ నిండియుండుటకును, బడి నిండియుండుటకును గల భేదము నేను ఎరుగుదును. కావున కొలతను అప్పుడప్పుడు మార్చవలెను. కొలుచువాడు పుస్తకమును మూసి, ఒక ఇంటికి పోయి, "మీ సంఘము నిరుడు ఎవరికి అప్పు ఇయ్యలేదు, ఏల?" అని అడుగవలెను. సంఘమునకు సిగ్గు కలిగించు ప్రశ్నయే సంఘమును తెలుపును.

మేము మా చెరువునకు కొలతలు వెదకుకొంటిమి. మదుము ఎత్తిన దినమునుండి శివారు మడికి నీరు చేరుటకు ఎన్ని దినములు పట్టినది? మొదటి యేడు పదునొకండు, మూడవ యేటికి ఆరు. వచ్చిన తగవులు ఎన్ని, తీరుటకు ఎన్ని రాత్రులు పట్టినది? ఇందు ఒక తమాషా కలదు. ఏర్పాటు బాగుపడిన మొదటి యేట తగవులు తగ్గలేదు, పెరిగినవి. అధ్యక్షుడు కంగారుపడెను. నేను మాత్రము సంతోషించితిని. ఇంతకాలము కడుపులో దాచుకొన్నవారు చెట్టుక్రిందికి వచ్చి చెప్పుకొనుచున్నారు. తగవులు లేని సంఘమును చూచి నేను ఇప్పుడు మొదట అనుమానింతును. వైశాఖమున పూడిక తీయుటకు ఎవరి ఇంటినుండి మనిషి వచ్చెను, ఎవరు కూలిడబ్బు పంపి సరిపెట్టిరి అనునదియు వ్రాసికొంటిమి. ఇంకొకటి నా స్వంతపు కొలత. సభలో ఎవరు ఎన్నిసార్లు మాటాడిరో చుక్కలు పెట్టుచు వచ్చితిని. మొదటి సభలలో శివారువారి పేర్లయెదుట చుక్కలే లేవు. చెట్టుక్రిందికి వచ్చినంత మాత్రాన నోరు లేవదు. ఏడాది పట్టినది.

ఆపద వచ్చినప్పుడు ఈ కొలతలేవియు పనికిరావు. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను వచ్చిన రాత్రి మా గట్టు తెగబోవుచుండగా, ఎగువ దిగువలు లేక ఊరంతయు ఇసుకబస్తాలు మోసెను. 2018 అక్టోబరు 11 న తిత్లీ తుపాను పలాస ప్రాంతమును ధ్వంసము చేసినప్పుడు ఉద్దానపు ఊళ్లకు పొరుగు ఊళ్లవారు కత్తులు, రంపములు పట్టుకొనిపోయి పడిన చెట్లను తొలగించిరి. ఆ రాత్రులను చూచి, మా ఊరిలో ఐకమత్యమునకు కొదువ లేదని మురియుదురు. హుద్‌హుద్ మరుసటి వైశాఖమున పూడిక పనికి చాటింపు వేసినప్పుడు వచ్చినవారు మొదటిదినము ఆరుగురు. సంఘమును పరీక్షింపవలసినది తుపాను రాత్రి గాదు, ఏమియు జరుగని వైశాఖపు ఉదయమున.

మా ఏర్పాటులో లోపములు ఇంకను కలవు. వోటు ఆయకట్టు భూమిగలవారిది. చెరువులో పశువులను కడుగువారికి, చేపలు పట్టువారికి, చాకిరేవువారికి చెట్టుక్రింద మాట కలదు గాని వోటు లేదు. భూమి భర్తపేర నున్న స్త్రీకిని అంతే, మడిలో రోజంతయు వంగియుండునది ఆమెయే అయినను. ఈ విషయమున చట్టముకంటె మా చింతచెట్టు కొంత మేలు. చాలినంత మేలు కాదు. ఫాల్గుణపు సభలో ప్రతియేటను ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుదురు, పొద్దుపోయినదని లేతుము.

కాలువ చివర, పేటకు మొదట, ఇప్పుడు ఒక రాయి పాతియున్నది. దానిపై జానెడెత్తున తెల్లగీత గీయించితిమి. నీరు ఆ గీతను తాకిన దినమున శివారు రైతులు ఒక చిన్న పుస్తకమున తేది వేసి చేవ్రాలు చేయుదురు. ఆ పుస్తకము నావద్ద ఉండదు, పేటలోనే ఉండును. అందు మార్జినులు లేవు, అక్షరములు వంకర. నాటి ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. చెన్నపట్టణమునుండి తిరిగివచ్చిన ఆమె కోడలు ఆ పుస్తకమును చూచుకొనుచున్నది. నిరుడు నీటివంతులు తొమ్మిది. పుస్తకమున తేదులు ఆరు. తక్కిన మూడు వరుసలను ఆమె ఖాళీగా విడిచి, క్రింద నావైపు చూచి, "ఇవేటి సేద్దాం మాస్టారూ?" అని అడిగినది. మా వచ్చే సభకు మొదటి విషయము అదియే.